బొమ్మ కదిలింది... సినిమా మొదలైంది!

సెలవు రోజు వచ్చిందంటే చాలు... పిల్లల చేతిలో సెల్‌ఫోన్, పెద్దల నోట ‘ఇంక ఆపుతావా లేదా’ అన్న మాట. దాదాపు ప్రతి ఇంట్లో ఇదే వరస. ఫోను లాక్కుంటే ఏడుపులు, వదిలేస్తే గంటలు గంటలు చూడ్డం. ఈ రెంటికీ మధ్య మూడో దారి ఒకటుంది. సినిమా చూడొద్దని చెప్పడం కాదు, ఒకటి తీయమనడం! నటులు చింతగింజలు, చొక్కా గుండీలు, చక్రం ఊడిన కార్లు. స్టూడియో... భోజనాల బల్ల. దీని పేరే స్టాప్‌మోషన్.

కిటుకు చాలా తేలిక. బొమ్మను ఒక ఫొటో తీయాలి. కాస్తంత జరపాలి. మళ్లీ ఫొటో, మళ్లీ జరపడం. ఆ ఫొటోలన్నిటినీ వరసపెట్టి వేగంగా చూపిస్తే బొమ్మ తనంతట తానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

బఠాణీ గింజ సాక్షిగా...

మన సినిమా పుట్టుకకీ ఈ కిటుకుకీ దగ్గరి చుట్టరికమే ఉంది. ‘రాజా హరిశ్చంద్ర’ తీయడానికి దాదాసాహెబ్ ఫాల్కేకి డబ్బు కావాలి. తనకు ఈ విద్య వచ్చని నమ్మించాలి. అందుకే 1912లో కుండీలో బఠాణీ నాటి, అది ఎదుగుతుంటే రోజుల తరబడి కొద్దికొద్దిగా చిత్రీకరించారు. తెర మీద మాత్రం గింజ క్షణాల్లో మొలకెత్తి మొక్కయింది. ఆ చిట్టి చిత్రమే ఆయనకు అప్పు పుట్టించింది. మరుసటి ఏడాది హరిశ్చంద్రుడు తెరకెక్కాడు. ఇక బ్రిటన్‌లో నిక్ పార్క్ మట్టిబొమ్మలను ఇలాగే జరుపుతూ 1993లో తీసిన ‘ద రాంగ్ ట్రౌజర్స్’ ఆస్కార్ గెలుచుకుంది.

లెక్క ఇదీ!

మామూలు సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. ఇంట్లో తీసేదానికి 12 చాలు. అంటే పది సెకన్లకు 120 ఫొటోలు! అందుకే మొదటి సినిమా చిన్నదిగా ఉండాలి. చెంచా బల్ల మీద నడుచుకుంటూ వెళ్లి గిన్నె చాటున దాక్కుందనుకోండి, కథ అయిపోయినట్టే. ఫొటోకి ఒక సెంటీమీటరు చొప్పున జరిపితే 60 ఫొటోలు, అయిదు సెకన్లు. బయల్దేరేటప్పుడూ ఆగేటప్పుడూ ఇంకా తక్కువ జరిపితే నడక సహజంగా ఉంటుంది.

ఫోను కదలకూడదు. పుస్తకాల దొంతరకు ఆనించి టేపు అంటిస్తే సరి. ఫ్యాన్ ఆపాల్సిందే... లేదంటే కాగితాలు ఎగురుతాయి, రెక్కల నీడలూ పడతాయి. కిటికీ వెలుతురు గంటకో తీరుగా మారుతుంది కాబట్టి పరదా వేసి టేబుల్ ల్యాంప్ పెట్టుకుంటే మేలు. గోధుమపిండి బొమ్మలు ఆరి పగులుతాయి, నూనె కలిసిన రంగుల మట్టి నయం. ‘స్టాప్‌మోషన్ స్టూడియో’ లాంటి యాప్‌లలో ముందు తీసిన ఫొటో పల్చగా కనిపిస్తుంది. ఎంత జరపాలో పిల్లలకే తెలిసిపోతుంది. ఇద్దరుంటే ఒకరు జరపాలి, ఒకరు నొక్కాలి. ‘చెయ్యి తీశా’ అన్నాకే ఫొటో!

పరీక్ష పెద్దలకే

ముప్ఫయ్యో ఫొటో దగ్గర తమ్ముడి మోచెయ్యి తగులుతుంది. బొమ్మ పడిపోతుంది. అన్నాచెల్లెళ్ల మధ్య గొడవ మొదలవుతుంది. అమ్మానాన్నలకు ‘ఇటివ్వు, నేను తీస్తా’ అనాలనిపించేది సరిగ్గా అప్పుడే. అలా తీసుకున్నారో, పిల్లలు మళ్లీ చూసేవాళ్లుగానే మిగిలిపోతారు. బొమ్మ పడిందా? కథలో భూకంపం వచ్చిందనుకుంటే పోయె! కెమెరా పక్కకు జరిగినా, నడక గతుకులుగా వచ్చినా అది వాళ్ల సినిమా. పెద్దల పని సామాన్లు అందించడం, అడిగితే సాయం చేయడం. అంతే. అయిదారేళ్ల పిల్లలు కాసేపటికే విసుగుపడితే మిగతాది రేపు తీయొచ్చు.

చివర్లో శబ్దాలు. పళ్లెంలో బియ్యం జారిస్తే వాన. కొబ్బరిచిప్పలు తాటిస్తే గుర్రం. అందరూ కూర్చుని చూసేది పది సెకన్లే కావచ్చు. కానీ దాని వెనక ఒక పూట ఓపిక ఉంది. తెర మీద ఏదీ ఊరికే కదలదని ఒక్కసారి చేత్తో తెలుసుకున్న పిల్లలు ఆ తర్వాత ఏ కార్టూన్ చూసినా ఒక ప్రశ్న వేస్తారు... ‘దీన్నెలా తీసి ఉంటారు?’

ఫోను లాక్కుంటే మాత్రం ఆ ప్రశ్న పుట్టదు.