దంతవైద్యశాలలో గాలియు నీరును

పంటినొప్పిని ఓర్చుకొనువారు పలువురు గలరు. దంతవైద్యుని కుర్చీని ఓర్చుకొనువారు కొందరే. రాత్రియంతయు బాధించిన నొప్పి తెల్లవారి వైద్యశాల గుమ్మము చేరుసరికి తగ్గినట్లు తోచుట అనేకులకు అనుభవమే. ఇది నవ్వి విడువదగిన విషయము కాదు. భయముచేత నేడు ఉపేక్షించిన చిన్న పిప్పి కొంతకాలమునకు పంటి మూలమును చేరును. పూడ్చిన సరిపోయెడి పంటిని పెరికివేయవలసి వచ్చును. కావున రోగి మనస్సును నెమ్మదింపజేయుట దంతవైద్యమున చికిత్సలోని భాగమే గాని, పైమెరుగు కాదు.

ఈ పనికై నేడు కొందరు దంతవైద్యులు చీనీయుల ప్రాచీన స్థలవిన్యాస విద్యయగు ఫెంగ్‌షుయ్‌ను ఆశ్రయించుచున్నారు. అందు గ్రహింపదగిన దేమి, విడువదగిన దేమి యను విషయమును మేమిచ్చట విచారింపదలచినాము.

చీనా భాషలో ఫెంగ్ అనగా గాలి, షుయ్ అనగా నీరు. క్రీస్తుశకము 276 మొదలు 324 వరకు జీవించిన గువో పు అను పండితుని పేర చెలామణియగుచున్న సమాధి గ్రంథము ఈ విద్యకు మూలములలో నొకటి. 'చి' యను ప్రాణశక్తి గాలికి చెదరిపోవుననియు, నీటియొద్ద నిలుచుననియు ఆ గ్రంథపు భావము. మొదట పూర్వుల సమాధులకు స్థలమును నిర్ణయించిన ఈ విద్య గృహములకును, పట్టణములకును వ్యాపించెను. వెనుక కొండయు, ముందు నీరును, దక్షిణపు వాకిలియు గల చోటు ఉత్తమమని దాని మతము. ఉత్తర చైనాలో చలిగాలి ఉత్తరమునుండి వీచును, శీతకాలపు ఎండ దక్షిణమునుండి వచ్చును. అచ్చట ఈ నియమము ఇంగితజ్ఞానమే. మన వాస్తువువలెనే ఇందును నేల నెరిగినవాని అనుభవమును, పరీక్షకు నిలువని నమ్మకమును పెనవేసికొని యున్నవి. 'చి'ని కొలిచిన యంత్రమేదియు లేదు. అయినను, చెప్పిన కారణము తప్పైనంతమాత్రమున సలహా తప్పు కానక్కరలేదు. ఒక్కొక్క సలహాను విడివిడిగా తూచి చూడవలెను.

అంతకు ముందు దంతవైద్యుని గూర్చిన భయ మెట్టిదో తెలియవలెను. 1969లో నార్మన్ కోరా అను అమెరికా మనస్తత్వవేత్త ఈ భయమును కొలుచుటకు నాలుగు ప్రశ్నలను ప్రకటించెను. రేపు వైద్యునియొద్దకు పోవలెనన్న ఎట్లుండునని మొదటి ప్రశ్న. వేచియుండు గదిలో ఎట్లుండునని రెండవది. కుర్చీలో నుండగా వైద్యుడు డ్రిల్లును సిద్ధపరచుచున్న వేళను గూర్చి మూడవది, పళ్ళు శుభ్రపరచుటకు పనిముట్లు బయటకు తీయుచున్న వేళను గూర్చి నాలుగవది. నాలుగును నొప్పికి ముందు గడచు క్షణములను గూర్చినవే యనుట గమనింపదగినది. భయము నిరీక్షణలో పెరుగును. నిరీక్షించువాని చుట్టునున్నది గది. గది యమరికకు చికిత్సలో చోటు కలుగుట ఈ కారణముచేతనే.

ఇక వాకిలి. బీజింగు నగరపు పాత ఇండ్లలో వీధివాకిలి దాటగానే ఒక అడ్డుగోడ యుండును. దుష్టశక్తులు తిన్నగా మాత్రమే పోగలవనియు, ఆ గోడ వానిని ఆపుననియు జనుల నమ్మకము. వీధినుండి చూచువానికి లోపలి సంసారము కనబడకుండుట దాని ప్రత్యక్ష ప్రయోజనము. దంతవైద్యశాలలో ఇట్టి అడ్డు మిగుల నుపయోగించును. వేచియున్నవానికి చికిత్సగది లోపలి కుర్చీ, దీపము, పనిముట్ల పళ్ళెము కనబడరాదు. అంతకంటె ముఖ్యముగా, లోపలి ధ్వని వినబడరాదు. 1957లో అమెరికాలో వెలువడిన గాలి టర్బైను డ్రిల్లు నిమిషమునకు సుమారు 3 లక్షల సార్లు తిరుగును. దాని సన్నని కూత పలుచని తలుపును సులభముగా దాటును. చిల్లులేని గట్టి తలుపు ఏ తాయెత్తుకంటెను మేలైనది.

వేచియుండు గదిలో నీటిని, చేపలను ఉంచుమని ఫెంగ్‌షుయ్ చెప్పును. చీనా భాషలో చేపకును సమృద్ధికిని మాట ఒక్క రీతిగనే పలుకుటచేత చేప శుభచిహ్నమైనది. శుభము మాట యెట్లున్నను, ఈ సలహాకు పరీక్ష జరిగినది. 1984లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 42 మంది దంతశస్త్రచికిత్సకు ముందు పరిశీలింపబడిరి. చేపల తొట్టిని చూచుచు గడపినవారు, ఊరక కూర్చుండినవారికంటె చికిత్సవేళ ఎక్కువ నెమ్మదితో నుండిరి. ఆ సంవత్సరమే రోజర్ అల్రిచ్ అను పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మంది వివరములను ప్రకటించెను. కిటికీనుండి చెట్లు కనబడినవారు, ఇటుకగోడ కనబడినవారికంటె ముందుగా ఇల్లు చేరిరి. బలమైన నొప్పిమందులను తక్కువగా కోరిరి. కావున తొట్టి కొనుటకు ముందు, ఉన్న కిటికీకి ఎదుట ఒక చెట్టు నాటుట మంచిది. అయితే తొట్టినీరు పాచిపట్టిన, చూచువానికి వైద్యుని శుభ్రతపైననే అనుమానము కలుగును.

వాసనయు గాలితో వచ్చునదే. దంతవైద్యశాలలలో తరచుగా తగులు లవంగనూనె వాసన పూర్వపు బాధను క్షణములో జ్ఞప్తికి దెచ్చును. 2000లో వియన్నా నగరమున ఒక దంతవైద్యశాలలో నారింజ పరిమళమును ప్రసరింపజేసి చూడగా, స్త్రీలలో ఆందోళన తగ్గినట్లు కనబడెను. పరిమళము కలుపుటకు ముందు గదిలో గాలి ధారాళముగా మారుచున్నదో లేదో చూచుకొనుట ప్రధానము.

ఇక కుర్చీ. కూర్చున్నవాని వెనుక గోడయు, కంటి యెదుట కొంచెము ప్రక్కగా తలుపును ఉండవలెనని ఫెంగ్‌షుయ్ నియమము. కాళ్ళు తలుపునకు సూటిగా నుండరాదని మరియొకటి. మృతులను కాళ్ళు ముందుగా గొనిపోవుట దానికి కారణము. దంతవైద్యుని కుర్చీలో రోగి వెల్లకిల పరుండును. వైద్యుడు అతని తలవైపున కూర్చుండును. తలుపుకూడ ఆ తలవైపుననే యున్నచో, వచ్చునదెవరో కనబడక అడుగుల చప్పుడు మాత్రమే వినబడును. కుర్చీని ఏటవాలుగా త్రిప్పి, తల కొంచెము ప్రక్కకు మరల్చినంతనే తలుపు కనబడునట్లు చేసిన, వైద్యునికి చోటు తగ్గదు, రోగికి దిగులు తగ్గును. వాడియైన కోణములు చెడు ప్రవాహమును పంపునని చీనీయులు చెప్పుదురు. 1990లో పూర్తియైన హాంగ్‌కాంగులోని బ్యాంక్ ఆఫ్ చైనా భవనపు అంచులు కత్తులవలె నున్నవని నగరవాసులు ఆక్షేపించిరి. దంతవైద్యశాలలో వాడి యంచులు నిజముగనే కలవు! సూదులు, కొక్కెములు గల పళ్ళెము రోగి దృష్టిమార్గమున నుండక, అతని తలకు వెనుక నుండవలెను. అద్దము తగిలించువారు అందులో ఆ పళ్ళెమే ప్రతిబింబింపకుండ చూచుకొనవలెను. పరుండినవానికి అరగంటసేపు కనబడునది పైకప్పు మాత్రమే. దానిని అలంకరింపనివారును గలరు.

కొన్ని సలహాలను చికిత్సగది గుమ్మమువద్దనే ఆపవలెను. పంచభూతముల లెక్కప్రకారము గోడలకు ఎరుపో, పచ్చయో గాఢమైన రంగు పూసిన, ఆ ఛాయ పంటిపై బడి, కృత్రిమదంతమునకు రంగు సరిచూచుట చెడిపోవును. అచ్చట లేత బూడిదవన్నెయే తగినది. తివాచీలు, గుడ్డ కప్పిన ఆసనములు చికిత్సగదిలో వలదని 2003లో అమెరికా వ్యాధినివారణ కేంద్రము వారు సూచించిరి; చిందిన రక్తమును, లాలాజలమును వాటినుండి పోగొట్టుట కష్టము. మట్టికుండీలును అచ్చట వలదు. ఇంపునకును శుభ్రతకును పోటీ వచ్చినచోట శుభ్రతయే గెలువవలెను.

ఇంతకును, ఎఱ్ఱత్రాట కట్టిన నాణెములు తగిలించి, రోగిని గంటసేపు కారణము చెప్పక కూర్చుండబెట్టు వైద్యశాలలో నెమ్మది యుండదు. లోనికి వచ్చువాడు ఏమి చూచును, ఏమి వినును, అతని వీపువెనుక నేమున్నదని యోచించుటయే ఈ ప్రాచీన విద్యలో మనము గ్రహింపదగిన సారము. దానికి దిక్సూచి అక్కరలేదు. దంతవైద్యుడు ఒకనాడు తన కుర్చీలో తానే పావుగంటసేపు పరుండి చుట్టును పరికించిన చాలును. పిమ్మట రోగితో, నోరు తెరచియున్నను ఎడమచేయి యెత్తిన వెంటనే పని ఆపెదనని చెప్పి, ఆ మాట నిలుపుకొనవలెను. చేయి యెత్తగలనని యెరిగిన రోగికి దానిని ఎత్తవలసిన అవసరము తరచుగా కలుగదు.