లెక్కల కొలువులును ఆడుపిల్ల దారియును

చదువుకొనిన మన ఆడుపిల్లల నోట నేడు తరచుగా వినవచ్చు మాట ‘డేటా కొలువు’. అంగడివాని చిట్టా, ఆసుపత్రిలో రోగి జ్వరపు పట్టిక, జనాభా లెక్క, ఇవన్నియు డేటాయే. వీనిని యంత్రమున కెక్కించువారు కొందఱు, తప్పులు దిద్దువారు కొందఱు, వానినుండి సారము తీసి యజమానికి త్రోవ చూపువారు కొందఱు. పని యొక్క బరువునుబట్టి జీతము. ఐతే యీ కొలువులు దేశమంతట సమముగా లేవు. ఏ యూర నెట్టి పని దొరకునో తెలియక పిల్లను చదివించుట నేల నెఱుగక విత్తనము చల్లుటవంటిది.

ఈ తారతమ్యము నేటిది కాదు. 1931లో మహలనోబిసు పండితుడు కలకత్తాలో భారత గణాంకశాస్త్ర సంస్థను నెలకొల్పెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన మన తెలుగువారు సి. ఆర్. రావుగారు 1941లో ఆ విద్యకై కలకత్తా చేరవలసివచ్చెను. లోకప్రసిద్ధులైన వారు 2023లో కీర్తిశేషులైరి. వారి పేర గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణముననే, గణిత గణాంకశాస్త్రముల సంస్థ నేడు కలదు. విద్య మన ముంగిటికి వచ్చినది. కొలువులు మాత్రము నగరమున పడమటి దిక్కుననే మిక్కిలిగా గుమిగూడినవి.

దీనికి కారణము లేకపోలేదు. 1998లో మాధాపురమున సైబర్ టవర్సు తెఱవబడెను. ఆ యేడే మైక్రోసాఫ్టువారును, 2004లో గూగులువారును హైదరాబాదున కాలు మోపిరి. 2019లో అమెజానువారు నానక్‌రామ్‌గూడలో గొప్ప భవనము కట్టిరి. పెద్ద సంస్థ యున్నచోటికి చిన్న సంస్థ వచ్చును. రెండును ఉన్నచోటికి పనివారు వత్తురు. పనివారున్నచోటికే మఱియొక సంస్థ వచ్చును. బెంగుళూరు, పూనా, చెన్నపట్టణము, గురుగ్రామములందును ఇదియే కథ. విశాఖపట్టణమున గొప్ప డేటా కేంద్రము కట్టుదుమని 2025లో గూగులువారు ప్రకటించిరి. అదియు సంతోషమే. కాని గిడ్డంగి పెద్దదైనంతమాత్రమున గుమాస్తాలు పెక్కుమంది యుండరని మనము మఱువరాదు.

ఈ గుంపును చెదరగొట్టుటకు ప్రభుత్వమువారును యత్నింపకపోలేదు. 2020లో వరంగల్లు, కరీంనగరము, ఖమ్మములలో ఇట్టి పనులకు భవనములు తెఱచిరి. మేడ్చలు దాపున కండ్లకోయలో 2022లో పునాదిరాయి వేసిరి. ఐనను పునాదిరాయి వేఱు, నెలజీతము వేఱు.

ఇక మా జీడిమెట్ల సంగతి. మా వీధిలోని యొక బాలిక గణాంకశాస్త్రముతో బి.యస్సీ. ముగించినది. మాధాపురమున కొలువు దొరకెను. దూరము 15 కిలోమీటర్లకు అటునిటుగా నుండును. మెట్రో రైలు మా దిక్కునకు రాలేదు, బస్సులు మాఱవలెను. సంస్థవారి బండి మా వైపునకు రాదట. పని రాత్రి తొమ్మిదింటివఱకు. తల్లి మా యింటికి వచ్చి, “అక్కయ్యా, చదివించునప్పుడు ఫీజు లెక్క చూచితిమి గాని దారి లెక్క చూడలేదు. ఇప్పుడేమి చేతును?” అని కంటతడి పెట్టెను. మేమేమియు చెప్పలేకపోతిమి. పిల్ల యా కొలువు మానుకొని, సమీపమున నొక మందుల కర్మాగారమున సగము జీతమునకు చేరినది. ఆమెతో చదివిన మగపిల్లవాడు మాధాపురమున గది యద్దెకు తీసికొని చేరెను. ఇద్దఱి చదువొక్కటే, ఊరొక్కటే. ఇది విని మావారు, “లెక్కకు ఆడుమగ భేదము లేదు, దారికే కలదు” అనిరి.

ఏడాది గడచినది. ఆ బాలిక పని చిన్నదని మేమును తలచియుంటిమి. కాని మందుల కర్మాగారమున ప్రతి విడతకును ఏ సరుకెంత పడినది, ఎంత వేడి తగిలినది, ఎవరు తూచిరి, ఎవరు సరిచూచిరి అను లెక్క వ్రాసి దాచవలయును. అది తప్పినచో మందు అంగడికి పోరాదు. ఒకనాడు తూకపు అంకె తాఱుమాఱైనదని ఆమె కనిపెట్టి చెప్పగా, నాణ్యత చూచు విభాగమునకు మార్చిరి. జీతమును కొంత పెరిగినది. మా యుత్తరపు దిక్కున శామీర్‌పేట ప్రాంతమున జీనోమ్ వ్యాలీ కలదు. అచటి భారత్ బయోటెక్కువారి కరోనా టీకాను మూడవ దశలో సుమారు 25,800 మందిపై పరీక్షించిరి. అందఱి జ్వరము, నలత, రక్తపరీక్ష వ్రాసి సరిచూచినగాని టీకా గుణము తేలదు. ఇట్టి లెక్కయు డేటాయే. పేరు వేఱగుటచే మనము గుర్తింపము.

కావున తల్లులకు మేము విన్నవించునది యిది. కొలువు వచ్చినప్పుడు జీతమొక్కటే యడుగవలదు. పని వేళ లేవి, సంస్థ బండి మన వీధికి వచ్చునా, వారమున కొన్నినాళ్లు ఇంటనుండి పని చేయనిత్తురా, ఏడాదికి పిల్ల క్రొత్తగా నేమి నేర్చును, అని యడుగుడు. దగ్గఱ కొలువైనచో కడపటి ప్రశ్నను మఱి రెండుమాఱులడుగుడు. దూరపు కొలువైనచో, వద్దనుటకు ముందు, పనిచేయు స్త్రీల వసతిగృహమో, తోడుగా పోవు మఱియొక పిల్లయో దొరకునేమో వెదకుడు. దారి ఖర్చు మనకు వెంటనే కనబడును. మాన్పించిన కొలువు ఖర్చు పదియేండ్లకు గాని కనబడదు.

మొన్న ఆ తల్లి మరల వచ్చినది. కూతురు మాధాపురమున మఱియొక కొలువునకు దరఖాస్తు పెట్టినదట. “ఈసారి బండి సంగతి ముందే అడిగినది, అక్కయ్యా” అని చెప్పుచు నవ్వినది.