మీకు తెలుసా? పరుగులో ఖర్చైన క్యాలరీలను తిరిగి తినవచ్చా?

ఐర్లండ్‌లోని లిమరిక్ నగరంలో మే సెలవు వారాంతాన జరిగే గ్రేట్ లిమరిక్ రన్‌లో ఆరు మైళ్లు పరుగెత్తిన 70 కిలోల వ్యక్తి, కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక క్యాలరీ చొప్పున, దాదాపు 675 క్యాలరీలు ఖర్చు చేస్తాడు. అయితే పరుగుకు పట్టే సుమారు గంటసేపు ఊరకే కూర్చున్నా శ్వాసకూ గుండె పనికీ శరీరం వెచ్చించే 70 క్యాలరీలు, అనగా విశ్రాంతి వ్యయం, అందులోనే కలిసి ఉంటాయి. క్యాలరీలను కొలిచే చేతి పట్టీల లెక్క మరింత నమ్మరానిది: 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించినప్పుడు, వాటిలో మేలైనది సైతం సగటున 27 శాతం తప్పింది. దినసరి ఆహార పరిమితిలో వ్యాయామాన్ని ముందే కలిపి ఉంటే, తిరిగి తినడమంటే దానిని రెండుసార్లు లెక్కించడమే. కలపనప్పుడు సుదీర్ఘమైన పరుగుకు సగం మేరకు తినడం, చిన్నపాటి నడకకు ఏమీ కలపకపోవడం సముచితం.