ఇంటి కంప్యూటరులో మీడియా ప్లేయర్ పదేపదే మూతపడుతుంటే

కోవిల్‌పట్టి, విరుదునగరు పట్టణాలలో నివసించే తెలుగు కుటుంబాలలో కొన్ని తరతరాలుగా ఈ నల్లరేగడి సీమకు చెందినవి. మరికొన్ని ఉద్యోగ, వ్యాపారాల నిమిత్తం ఇటీవల వచ్చి స్థిరపడినవి. ఉభయుల ఇండ్లలోనూ ఒక సమానమైన సంపద ఉన్నది. ఇరవై ముప్పై ఏండ్ల నాటి పెండ్లి సీడీలు, గృహప్రవేశపు డీవీడీలు, అవ్వ చెప్పిన కథను ఎవరో మనుమడు ఫోనులో పట్టి ఉంచిన వీడియోలు ఆ సంపద.

కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్ గ్రామంలో జన్మించిన రచయిత కి. రాజనారాయణన్ 1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలలో తెలుగువారు ఈ సీమకు వలస వచ్చిన వృత్తాంతాన్ని చిత్రించారు. అందులో ఆ వృత్తాంతం ఒక వృద్ధురాలి నోట వెలువడుతుంది. ఇక్కడి తెలుగు ఇండ్లలో ఇంట మాట్లాడే భాష తెలుగే అయినా బడిలో నేర్చిన లిపి తమిళమైనవారు అనేకులు. వారి తెలుగు కాగితం మీద లేదు, కంఠంలోనే ఉన్నది. అట్టి పెద్దల కంఠస్వరం నేడు మిగిలి ఉన్నది ఒక్క వీడియో ఫైలులోనే కావచ్చు.

అందువల్ల ఆ ఫైలును తెరచినప్పుడల్లా ప్లేయర్ హఠాత్తుగా మూతపడితే మనసు కలవరపడటం సహజం. ఆ కలవరంలో కొందరు ఫైలు చెడిపోయినదని తలచి తొలగిస్తారు. కొందరు కనిపించిన ప్రకటనను నొక్కి ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌ను దించుకొంటారు. ప్లేయర్ మూతపడినంత మాత్రాన ఫైలు నశించినట్లు కాదు. లోపం ఎక్కడ ఉన్నదో వరుసగా పరీక్షించి తెలుసుకొనే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

మొదటి పని: మరొక ప్రతి

ఏ ప్రయత్నమైనా చేయకముందు ఆ ఫైలుకు మరొక ప్రతి తీసి, వేరొక హార్డ్ డిస్కులోనో పెన్‌డ్రైవ్‌లోనో భద్రపరచండి. తరువాతి పరీక్షలన్నీ ప్రతి మీదనే జరపండి.

ప్రతి తీయడమే ఒక పరీక్ష కూడా. నకలు సగంలో నిలిచిపోయినా, చాలాసేపు కదలకపోయినా, హార్డ్ డిస్కు నుండి టకటకమనే శబ్దం వచ్చినా లోపం ప్లేయర్‌లో లేదు, డిస్కులో ఉన్నది. అప్పుడు కంప్యూటరును పదేపదే నడపక, ముఖ్యమైన ఫైళ్లను ముందు బయటకు తీయించాలి.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు అందులో పట్టదు. స్థలం ఉన్నా నకలు కాలేదంటే కారణం ఇదే కావచ్చు. అట్టి పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చుకోవాలి. మార్చేటప్పుడు అందులోని సమస్తం చెరిగిపోతుంది గనుక దానిని ముందుగా ఖాళీ చేసుకోండి.

వీడియో ఫైలు లోపల ఏమున్నది?

వీడియో ఫైలును తపాలా పార్శిలుతో పోల్చవచ్చు. ఎంపీ4, ఏవీఐ, ఎంకేవీ అనేవి పై డబ్బా పేర్లు. డబ్బాలోని చిత్రాన్నీ ధ్వనినీ కుదించి పెట్టిన పద్ధతికి కోడెక్ అని పేరు. డబ్బా ఒకటే అయినా లోపలి పద్ధతి వేరుగా ఉండవచ్చు. పాత వీసీడీలలోని చిత్రం ఎంపెగ్-1 పద్ధతిలో ఉంటుంది. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతిని దాదాపు అన్ని యంత్రాలూ చదువగలవు. 2013లో వచ్చిన హెచ్.265 పద్ధతిలో ఫైలు చిన్నదవుతుంది గాని, దానిని విప్పడానికి కంప్యూటరు ఎక్కువ శ్రమపడాలి. 2017 తరువాతి ఐఫోన్లు సాధారణంగా ఈ పద్ధతిలోనే వీడియో తీస్తాయి. కనుక క్రొత్త ఫోనులో తీసిన వీడియో పాత కంప్యూటరులో తెరవగానే ప్లేయర్ మూతపడటం ఆశ్చర్యకరం కాదు. ఐఫోను సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ అనే చోట ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకొంటే ఇకముందు తీసేవి హెచ్.264లో ఉంటాయి.

లోపాన్ని గుర్తించే మూడు ప్రశ్నలు

1. ఒక ఫైలుకేనా, అన్నింటికీనా? ఒకే ఫైలుతో మూతపడితే ఆ ఫైలునో దాని కోడెక్‌నో అనుమానించాలి. అన్ని ఫైళ్లతోనూ మూతపడితే ప్లేయర్‌నో కంప్యూటరునో అనుమానించాలి.

2. ఒక ప్లేయర్‌లోనేనా, అన్నింటిలోనా? అదే ఫైలును మరొక ప్లేయర్‌లోనూ ఫోనులోనూ తెరచి చూడండి. మరొక చోట నడిస్తే ఫైలు క్షేమంగా ఉన్నట్లే.

3. ఏ సమయంలో మూతపడుతున్నది? తెరవగానే మూతపడితే కోడెక్, గ్రాఫిక్స్ డ్రైవర్, ప్లేయర్ అమరికలలో ఒకటి కారణం. ప్రతిసారీ అదే నిమిషం వద్ద మూతపడితే ఫైలులో ఆ భాగం దెబ్బతిన్నది. ఆ నిమిషాన్ని దాటి ముందుకు జరిపితే మిగిలినది చూడవచ్చు. అరగంటో గంటో నడిచిన తరువాత, ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట మూతపడితే వేడినో మెమరీ లోపాన్నో అనుమానించాలి.

ఈ మూడింటి సమాధానాలను కాగితం మీద వ్రాసుకోండి. దుకాణానికి వెళ్లవలసివస్తే ఆ కాగితం ఉపకరిస్తుంది.

ఇంటిలోనే చేయదగిన సవరణలు

ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితం చూసిన తరువాతనే మరొకదానికి వెళ్లండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడినదో తెలియదు.

ప్లేయర్ అమరికలు: వీఎల్‌సీ వాడేవారు టూల్స్‌లోని ప్రిఫరెన్సెస్ తెరచి, అడుగున ఉన్న ‘రీసెట్ ప్రిఫరెన్సెస్’ నొక్కితే అమరికలు మొదటి స్థితికి వస్తాయి. వీడియోలకు హాని కలుగదు.

హార్డ్‌వేర్ సహాయం: అదే ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్, కోడెక్స్ అనే భాగంలో ‘హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్’ ఉంటుంది. దానిని డిసేబుల్ చేసి, ప్లేయర్‌ను మూసి మళ్లీ తెరవండి. దీనితో బాగుపడితే అసలు దోషం గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. దానిని కంప్యూటరు తయారీదారు వెబ్‌సైటు నుండో విండోస్ అప్‌డేట్ ద్వారానో నవీకరించాలి.

కోడెక్ ప్యాకులు: పూర్వం ఎవరో వేసిన రెండు మూడు కోడెక్ ప్యాకులు కంప్యూటరులో ఉంటే అవి ఒకదానితో ఒకటి ఘర్షణపడి విండోస్‌లోని ప్లేయర్లను మూతపడేట్లు చేయగలవు. వాటిని తొలగించండి. వీఎల్‌సీకి తన కోడెక్‌లు తనలోనే ఉంటాయి గనుక దానికి ఈ ప్యాకుల అవసరం లేదు.

ఫైలు పేరు: తెలుగు, తమిళ లిపులలో ఉన్న పేర్లను కొన్ని పాత ప్లేయర్లు సరిగా చదువలేవు. ప్రతికి ఇంగ్లీషు అక్షరాలతో చిన్న పేరు పెట్టి, లోపలి ఫోల్డర్ల నుండి తీసి పై ఫోల్డరులో ఉంచి చూడండి.

సీడీ, డీవీడీలు: గీతలుపడ్డ డిస్కును నేరుగా నడిపితే ప్లేయర్ స్తంభించవచ్చు. మెత్తని పొడిబట్టతో మధ్య నుండి అంచు వైపు తుడవండి. గుండ్రంగా తుడవరాదు. తరువాత వీసీడీలోని ఎంపెగ్‌ఏవీ ఫోల్డరులో ఉన్న డ్యాట్ ఫైలును కంప్యూటరులోకి నకలు తీసి, అక్కడ నుండి తెరవండి.

కంప్యూటరు వ్రాసి ఉంచిన సాక్ష్యం: విండోస్ వెతుకు గడిలో ‘రిలయబిలిటీ’ అనే మాటను ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తే రిలయబిలిటీ హిస్టరీ కనిపిస్తుంది. అందులో ప్లేయర్ మూతపడిన రోజు ఎర్రని గుర్తు ఉంటుంది. దాని వివరాలలో లోపం జరిగిన మాడ్యూల్ పేరు ఉంటుంది. ఆ పేరు ‘ఎన్‌వి’, ‘ఐజి’, ‘ఏఎండి’, ‘ఏటిఐ’ అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలైతే చాలావరకు అది గ్రాఫిక్స్ డ్రైవర్‌కు చెందినది.

వేడి, దుమ్ము, విద్యుత్తు

మన పట్టణాలలో వేసవి తీవ్రమైనది, దుమ్ము అధికం. కంప్యూటరు ఫ్యాన్ దుమ్ముతో పూడితే లోపలి వేడి పెరిగి, వీడియో వంటి భారమైన పని నడుస్తుండగా ప్రోగ్రాములు మూతపడవచ్చు, లేదా కంప్యూటరే ఆగిపోవచ్చు. విద్యుత్తు తీగను ఊడదీసి, ఫ్యాన్ రెక్కలు తిరుగకుండా వ్రేలితో పట్టుకొని, బ్లోయరుతో దుమ్మును తొలగించండి. కంప్యూటరును గోడకు ఆనించి ఉంచకండి. శుభ్రపరచిన తరువాత కూడా లోపం కొనసాగితే విండోస్ మెమరీ డయాగ్నాస్టిక్ అనే పరీక్షను నడపండి.

నెలవారీ మరమ్మతుల కోసం విద్యుత్తు నిలిపే రోజును ముందుగానే ప్రకటిస్తారు. ఆ వేళకు ముందే కంప్యూటరును క్రమంగా ఆపండి. నకలు జరుగుతుండగా కరెంటు పోతే ఆ నకలు అసంపూర్ణమవుతుంది. చిత్రీకరణ మధ్యలో ఆగిన ఎంపీ4 ఫైలులో, ఏ దృశ్యం ఎక్కడ ఉన్నదో తెలిపే సూచిక చేరకపోవచ్చు. అట్టి ఫైలు ఏ ప్లేయర్‌లోనూ తెరచుకోదు. అయినా తొలగించకండి. అదే కెమెరాతో తీసిన మరొక మంచి వీడియోను నమూనాగా చూపి దానిని బాగుచేసే పరికరాలు ఉన్నాయి.

మోసాలకు లోనుకాకండి

“కోడెక్ లేదు, ఇక్కడ నొక్కండి” అని వెబ్‌పేజీలో వచ్చే పిలుపును నమ్మకండి. ప్లేయర్‌ను దాని అధికారిక వెబ్‌సైటు నుండి, లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్ నుండి మాత్రమే తీసుకోండి. వీఎల్‌సీ 1996లో ప్యారిస్ సమీపంలో విద్యార్థుల ప్రయత్నంగా మొదలై, 2001 నుండి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా లభిస్తున్నది. దీనికి రుసుము లేదు. ఎవరైనా డబ్బు అడిగితే అది వీడియోల్యాన్ సంస్థ కాదని గ్రహించండి. 2022లో కొన్ని నెలలపాటు ఆ సంస్థ వెబ్‌సైటు భారతదేశంలో తెరచుకోలేదు. ఆ ఏడాది నవంబరులో ఆ అడ్డు తొలగింది. ఆ కాలంలో వేరే చోట నుండి దించుకొన్న ప్రతి మీ కంప్యూటరులో ఇంకా ఉంటే దానిని తొలగించి, అధికారిక ప్రతిని వేసుకోండి.

“మీ కంప్యూటరులో వైరస్ ఉన్నది” అని ఫోను చేసినవారికి కంప్యూటరుపై అధికారం ఇవ్వరాదు. డబ్బు పోయినట్లయితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

దుకాణానికి తీసుకొని వెళ్లేటప్పుడు

మరమ్మతు చేసేవారికి మూడు మాటలు స్పష్టంగా చెప్పండి. ఫైళ్లను నకలు తీయనిదే ఫార్మాట్ చేయరాదు. నకలు తీసినవాటిని మీ ఎదుట తెరచి చూపాలి. మార్చిన పాత హార్డ్ డిస్కును మీకే తిరిగి ఇవ్వాలి. తమిళంలో మాట్లాడటం కష్టమైతే ఈ మాటలను ఇరుగుపొరుగువారిచేత తమిళంలో వ్రాయించుకొని వెంట తీసుకొని వెళ్లండి.

అన్ని పరీక్షలూ ముగిసి వీడియో నడిచిన రోజున మరొక్క పని మిగిలి ఉంటుంది. దానికి రెండు ప్రతులు తీసి, ఒకదానిని ఇంటిలోను, మరొకదానిని వేరే ఊరిలోని బంధువుల వద్దను ఉంచండి. ఆ వీడియోలో మాట్లాడుతున్నవారు ఎవరో, ఏ ఊరివారో, ఏ ఏట తీసినదో ఒక కాగితంపై వ్రాసి జతచేయండి. ప్లేయర్‌ను మళ్లీ వేసుకోవచ్చు, కంప్యూటరును మళ్లీ కొనవచ్చు. అవ్వ చెప్పిన కథను మళ్లీ చెప్పించుకోలేము.