దోబూచి: కంటికి కనపడనిది ఉన్నట్టా, లేనట్టా?

ఒక ఇంట్లో రెండున్నర ఏళ్ళ పిల్ల, తొమ్మిది నెలల తమ్ముడు ఉన్నారనుకోండి. ముందు గదిలో కూర తరుగుతున్న తల్లి పళ్ళెం పట్టుకొని వంటింటిలోకి వెళ్ళింది. ఆమె చీరకొంగు తలుపు చాటుకు పోగానే చిన్నవాడు గుక్కపట్టి ఏడుస్తాడు. మూడు నెలల క్రితం ఇదే పిల్లవాడు, తల్లి లేచి వెళ్ళినా పట్టించుకోకుండా తన కాళ్ళతో తాను ఆడుకునేవాడు. “గారాబం ఎక్కువైంది” అంటుంది నాయనమ్మ. అదే సమయంలో అక్క గది నడుమ నిలబడి, రెండు చేతులతో కళ్ళు మూసుకొని, “నేను లేను!” అంటుంది. ఎదురుగా నిలబడి ఉన్న పిల్ల తాను లేనంటే అందరూ నవ్వుతారు.

ఈ ఏడుపుకూ ఆ దాగుడుకూ సంబంధం ఉన్నది. రెండూ ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతున్నవి. కంటికి కనపడని వస్తువు ఉన్నట్టా, లేనట్టా?

పెద్దవాళ్ళకు ఇది ప్రశ్నగానే తోచదు. బల్ల కింద పడిన పెన్సిలు అక్కడే ఉంటుంది. తలుపు మూసినంత మాత్రాన బీరువాలోని పుస్తకం లేకుండా పోదు. ఈ సంగతి మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. మరి ఇది పుట్టుకతోనే వచ్చిందా? దీనిని తన ఇంటిలోనే పరీక్షించి చూచినవాడు స్విట్జర్లాండు దేశస్థుడు జీన్ పియాజే (1896–1980). ఆయన మొదట జంతుశాస్త్రజ్ఞుడు; నత్తజాతి జీవులను పరిశోధించి 1918లో డాక్టరేటు పొందాడు. తరువాత 1925, 1927, 1931లలో పుట్టిన తన ముగ్గురు బిడ్డలను అంతే ఓపికతో గమనించాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి ఆయన పేరు కొత్త కాదు. అయితే ఆయన చెప్పిన దశల పట్టికను కంఠస్థం చేసిన మనం, ఆయన చేసిన పరీక్షలను చేసి చూడం. అందుకు కావలసినది రెండు చేతిరుమాళ్ళు, ఒక గిలక. గిలక బిడ్డ నోట పట్టనంత పెద్దదిగా ఉండాలి.

అయిదారు నెలల బిడ్డకు గిలక చూపితే చేయి చాస్తుంది. అందుకునే లోపల దానిమీద రుమాలు కప్పండి. చేయి ఆగిపోతుంది. అసలు గిలక అనేది లేనట్టే బిడ్డ మరో వైపు చూస్తుంది. గిలక సగం కనపడేటట్టు కప్పితే మాత్రం పట్టి లాగుతుంది. కనుక రుమాలు తీసే బలం లేకపోవడం దీనికి కారణం కాదు. ఎనిమిది, తొమ్మిది నెలలు వచ్చేసరికి పూర్తిగా కప్పినా రుమాలు లాగి గిలకను తీసుకుంటుంది.

ఇక్కడే ఒక విచిత్రం. గిలకను ఎడమ రుమాలు కింద రెండు మూడు సార్లు దాచి, బిడ్డ చేత తీయించండి. ఈసారి బిడ్డ చూస్తుండగానే కుడి రుమాలు కింద దాచండి. బిడ్డ ఎడమ రుమాలునే ఎత్తుతుంది! 1985లో అడెల్ డైమండ్ ఈ పొరపాటును కాలంతో కొలిచింది. దాచిన తరువాత ఎంతసేపు ఆపి వెతకనిస్తే బిడ్డ తప్పుతుందో చూచింది. ఏడున్నర నెలల వయసులో రెండు సెకనుల లోపు ఆలస్యానికే తప్పిన బిడ్డలు, ఏడాది నాటికి సుమారు పది సెకనుల దాకా తప్పకుండా వెతకగలిగారు. కొత్త చోటును మనసులో నిలుపుకోవాలి, పాత చోటుకు అలవాటుపడిన చేతిని ఆపుకోవాలి. ఈ రెండింటికీ నుదుటి వెనుక ఉన్న మెదడు భాగం ఎదగాలి. జనవరి మొదటి వారంలో నల్లబల్లమీద పోయిన సంవత్సరం వేసే మాస్టారుకు బిడ్డ పాట్లు బాగా అర్థమవుతాయి.

పియాజే మాటే చివరి మాట కాలేదు. 1985లోనే రెనే బయార్జాన్, ఆమె సహచరులు అయిదు నెలల బిడ్డల చేతులను వదిలి చూపును పరీక్షించారు. బిడ్డ ఎదుట ఒక పెట్టె, దాని ముందు పైకి లేచి వెనుకకు వాలే పలక. పలక లేచి పెట్టెను మరుగుపరచి, వెనుకకు వాలి, పెట్టెకు తగిలి ఆగాలి. ఒక ఉపాయంతో ఆ పలకను, పెట్టె లేనట్టే, పూర్తిగా నేలకు వాల్చినప్పుడు బిడ్డలు ఎక్కువసేపు చూచారు. అంటే పెట్టె ఉన్నదని వారికి తెలుసునన్నమాట. ఎక్కువసేపు చూడడం తెలియడానికి గుర్తు ఎట్లా అవుతుందని వాదించినవారూ ఉన్నారు. ఆ వాదం తెగలేదు. నాకు మాత్రం, కంటికి ముందు తెలిసినది చేతికి ఆలస్యంగా తెలుస్తున్నదని తోస్తుంది.

ఇక ఏడుపు సంగతి. సుమారు ఎనిమిదవ నెలలో ఇది మొదలై, పది–పద్ధెనిమిది నెలల మధ్య ముదిరి, ఆపైన క్రమంగా తగ్గుతుంది. తలుపు చాటున అమ్మ ఉన్నదని బిడ్డకు ఇప్పుడు తెలుసు. ఎప్పుడు వస్తుందో తెలియదు. ‘ఇంకాసేపట్లో’ అన్న మాటకు ఆ వయసులో అర్థం లేదు. ఇందులో గారాబం పాత్ర ఏమీ లేదు. తెలివి ఒక మెట్టు ఎక్కింది, అంతే.

ఇది తెలియక బాధపడే తల్లులు ఎందరో. మన దేశంలో 2017 నుంచి ఉద్యోగినులకు మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల ప్రసూతి సెలవు ఉన్నది. ఆరవ నెలలో తల్లి ఉద్యోగానికి వెళ్తే బిడ్డ నవ్వుతూనే ఉంటాడు. రెండు నెలలు గడిచాక గుమ్మం దగ్గర కొంగు పట్టుకొని ఏడుస్తాడు. తన ఉద్యోగం వల్లనే బిడ్డ చెడిపోయాడని ఆమె కుమిలిపోతుంది. “వాడు చూడకుండా దొడ్డిదారిన వెళ్ళవే అమ్మాయీ” అంటారు ఇంట్లో పెద్దలు. దానివల్ల ఆనాటి ఏడుపు తప్పుతుంది. కాని అమ్మ ఏ క్షణాన మాయమవుతుందోనని మరునాటి నుంచి బిడ్డ ఆమెను వదలడు. ముఖం చూపి, “వెళ్ళివస్తాను” అని చెప్పి వెళ్ళడమే మేలు. మన భాషలో వెళ్ళేవారు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్ళివస్తాను’ అంటారు. దోబూచి ఆట కూడా ఇదే. కొంగు చాటున ముఖం పోతుంది, మళ్ళీ వస్తుంది.

అక్క ఈ మెట్లన్నీ దాటింది. బొమ్మను గుప్పిట్లో దాచి, గుప్పిటను దిండు కిందకు పోనిచ్చి, వట్టి చేయి చూపినా దిండు ఎత్తి చూస్తుంది. ఏడాదిన్నర దాటిన పిల్లలు సాధారణంగా ఇది చేయగలరు. మరి కళ్ళు మూసుకొని “నేను లేను” అనడం ఏమిటి? 1980లో జాన్ ఫ్లావెల్, ఆయన సహచరులు కళ్ళు మూసుకున్న చిన్నపిల్లలను “నువ్వు నాకు కనపడుతున్నావా?” అని అడిగితే చాలామంది లేదన్నారు. “నీ చేయి కనపడుతున్నదా?” అంటే ఆ పిల్లలే అవునన్నారు! ‘నువ్వు’ అంటే వారి లెక్కలో చూపు చూపు కలవడం కాబోలు.

మీ ఇంట్లోగాని పొరుగింట్లోగాని ఇట్లాంటి తమ్ముడు ఉంటే, రెండు రుమాళ్ళ పరీక్షను నెలకొకసారి చేసి, ఎన్ని సెకనులకు తప్పాడో నోటుబుక్కులో రాసుకోండి. వాడికి నిద్ర, ఆకలి లేని వేళ చూడాలి. అక్కను కూడా దగ్గర కూర్చోబెట్టుకోండి. లేకపోతే ఆ గిలకను ఆమె తీసుకొనిపోయి వీపు వెనుక దాస్తుంది. తమ్ముడు రుమాళ్ళ కిందనే వెతుకుతూ ఉంటాడు.