పాత ఇంజనుకు కొత్త బలము

మనిషికి వయస్సు మళ్ళినప్పుడు టానిక్కులపై మనస్సు పోవుట సహజము. పాత కారు యజమాని విషయములోను అంతే. బండి ఎత్తు ఎక్కలేక ఆయాసపడినప్పుడు, దానికి వచ్చిన రోగమేమని అడుగుటకు ముందే, దానికి ఏమి తగిలిస్తే బలము వచ్చునని అడుగును. తెలుగు పాఠము చెప్పువారికి ఇంజన్లతో ఏమి పని అని మా విద్యార్థులు నవ్వవచ్చును. మా అబ్బాజాన్ మోటారు మెకానిక్కు. చిన్ననాట మా సెలవులన్నీ ఆయన షెడ్డులో స్పానర్లు అందించుటతోనే గడచినవి.

మేము ఉద్యోగములో చేరిన కొత్తలో జరిగిన సంగతి ఇది. మా విద్యార్థి ఒకని తండ్రి జాలరిపేట వాస్తవ్యుడు. చాలకాలము మరపడవపై వేటకు వెళ్ళి, నడుము సహకరింపక మానుకొని, పాత పెట్రోలు అంబాసిడరు ఒకటి కొని అరకుకు యాత్రికులను తిప్పుచుండెను. మీటరు ఎన్నడో ఆగిపోయినది. ఆ బండి ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగినదో చెప్పగలవారు లేరు. విశాఖ వీధులలో బాగుగనే నడచును. అనంతగిరి ఘాటు మొదలు కాగానే మొదటి గేరు, వెనుక నీలిపొగ, రేడియేటరులో ఆవిరి.

“మాస్టారూ, బండిలో లాగుడు లేదండి. టర్బో ఏస్తే రెట్టింపు లాగుద్దన్నారు. బయానా ఇచ్చేద్దామనుకుంటున్నాను” అని ఒక సాయంకాలము మా యింటికి వచ్చినాడు. చేతిలోని సొమ్ములో సగము అప్పు, మిగిలిన సగము ఆయన భార్య గంపనెత్తుకొని చేపలమ్మి కూడబెట్టినది. మేము ఆయనను వెంటబెట్టుకొని అబ్బాజాన్ శిష్యుడైన ఒక ఉస్తాద్ వద్దకు పోయితిమి.

ఇంజను బలమునకు మూలము పెట్రోలే అని చాలమంది అనుకొందురు. నిజమునకు చిక్కంతయు గాలితోనే. పెట్రోలు ఎంతైనను పోయవచ్చును. అది కాలుటకు దాని బరువుకు సుమారు పదిహేను రెట్ల బరువు గాలి కావలెను. కనుక బలము పెంచు ఉపాయములన్నియు ఏదో యొక విధమున ఎక్కువ గాలిని లోనికి పంపుటకో, లోనికి వచ్చిన గాలిని మరింత గట్టిగా నొక్కుటకో ఉద్దేశింపబడినవే. హెడ్డును అరగదీయించి కంప్రెషను పెంచుట, పెద్ద కార్బురేటరు బిగించుట, టర్బో పెట్టుట అన్నియు ఈ కోవలోనివే. టర్బో అనగా పొగగొట్టము వైపు పోవు వేడి వాయువులతో ఒక చక్రమును తిప్పి, ఆ చక్రముతో మరొక చక్రమును తిప్పించి, గాలిని ఇంజనులోనికి దట్టించు యంత్రము. అది నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగగలదు. అంత వేగమున దాని ఇరుసును కాపాడునది పలుచని నూనె పొర ఒక్కటే.

ఇక పాత ఇంజను స్థితి చూడుడు. అంబాసిడరులోని 1489 సి.సి. ఇంజను ఇంగ్లండులో పుట్టినది. నాలుగు సిలిండర్ల క్రాంకును మూడు మెయిన్ బేరింగులే మోయును. బేరింగులు అరిగినకొద్దీ సందు పెరిగి నూనె జారిపోవును, ప్రెషరు పడిపోవును. బోరు అరుగును, రింగులు వదులగును. పేలుడు బలములో కొంత పిస్టనును నెట్టక ప్రక్కలనుండి క్రిందికి జారి, ఆయిలు పోయు మూత తీసినచో పొగవలె కనబడును. అట్టి ఇంజనులోనికి టర్బోతో మరింత గాలి దట్టించిన, చిల్లుబిందెలో నీళ్ళు వేగముగా పోసినట్లే. బిందెకు పగులు లేదు గాని, ఇంజనుకు అదియు కలదు: హెడ్డు గాస్కెటు, పిస్టను తల, కనెక్టింగు రాడ్డు, వీనిలో ఏది ముందు పోవునన్నదే ప్రశ్న.

ఉస్తాద్ స్పార్కు ప్లగ్గులు నాలుగింటిని తీసి, ఒక్కొక్క సిలిండరుకు గేజీ పెట్టి కంప్రెషను చూచినాడు. అంకెల పెద్దతనము కన్న వాని మధ్య తేడా ముఖ్యము. మొదటి రెండును ఒకరీతిగా ఉన్నవి; మూడు, నాలుగు బాగుగా తగ్గినవి. అప్పుడాయన ఆ రెండింటిలోను చెంచాడు ఇంజనాయిలు పోసి మరల చూచినాడు. నూనె రింగుల సందును కాసేపు మూయును కనుక, అంకె పెరిగినచో దోషము రింగులలోను బోరులోను ఉన్నట్లు. పెరగనిచో వాల్వులలో ఉన్నట్లు. మూడవది పెరిగినది. నాలుగవది పెరగలేదు. వైద్యుడు నాడి చూచినట్లున్న ఈ పరీక్షకు పట్టిన కాలము ఒక గంట లోపు.

మరొక సంగతి ఆయన చెప్పువరకు మాకును తోచలేదు. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి పలుచన గనుక, టర్బో లేని ఇంజను ఎంత కొత్తదైనను పదవవంతు బలము కోల్పోవును. ఊరిలో దాగియున్న లోపము ఘాటులో బయటపడుటకు ఇదియు కారణమే.

“పాత అంబాసిడరులో ఇసుజు ఇంజను దింపుతారు గదా?” అని మేమే అడిగితిమి. 1817 సి.సి.ల ఆ ఇంజను తరువాతి అంబాసిడర్లలో కంపెనీయే బిగించినది; 2014లో ఆ కార్ల తయారీ నిలిచిపోయినది. అయితే ఇంజను మార్చవలెనన్న 1988 నాటి మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్టరు చేయు అధికారి అనుమతి కావలెను. అనుమతి లేని మార్పు ప్రమాదము జరిగిననాడు భీమా దగ్గర అడ్డుపడవచ్చును. పైగా ఆ ఖర్చు ఆయన సొమ్ముకు అందునది కాదు.

జాలరిపేట మనిషికి అసలు విషయము బోధపరచినది మా ఉపన్యాసము కాదు. “పడవ ఇంజను పొగేస్తుంటే దానికి పెద్ద ఫ్యాను కట్టి సముద్రంలోకి పోతావా?” అన్నాడు ఉస్తాద్. ఆయన కొంతసేపు మాటాడలేదు. మన తూర్పు తీరమున ఇప్పుడు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము. ఆ విరామములోనే ఇంజన్లు విప్పుట, అరిగినవి మార్చుట. ఒడ్డు కనబడనిచోట ఇంజను ఆగిన ఏమగునో ఆయనకు ఎవరును చెప్పనక్కరలేదు.

బోరింగు షాపులో కొలువగా బోరు మునుపే రెండుమార్లు తీయబడినట్లు తేలినది. ఇంకను తీసిన గోడ పలుచబడును గనుక నాలుగింటికిని లైనర్లు దింపించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించినారు. వాల్వులు రుబ్బించినారు. సముద్రపు ఉప్పుగాలికి రెక్కలు తినివేయబడిన రేడియేటరుకు కొత్త కోరు పడినది. అప్పు సొమ్ములో కొంత మిగిలినది కూడ.

మొదటి ఐదువందల కిలోమీటర్లు మెల్లగా తిప్పి, పిమ్మట ఒక ఆదివారము మమ్ములను కూర్చుండబెట్టుకొని అనంతగిరి ఎక్కించినాడు. ఎక్కువ దూరము రెండవ గేరులోనే. ఆవిరి లేదు, ఎక్కడను ఆగలేదు. పైన టీ త్రాగుచు, “ఇప్పుడు ఇంజను గట్టిపడింది గదా మాస్టారూ, టర్బో ఏయించేద్దామా?” అని అడిగినాడు. ఉస్తాద్ బదులు చెప్పక, కారు క్రిందికి వంగి ముందు చక్రములను చూచినాడు. నాలుగింటికిని పాత డ్రమ్ము బ్రేకులే. దిగవలసిన ఘాటు ఇంకను మా ముందున్నది.