వెబ్‌సైటు నిర్వహణమున పాత్రభేదము - అధికారనిర్ణయము

శాస్త్రగ్రంథముల ఆరంభమున అనుబంధచతుష్టయమును నిరూపించుట పూర్వుల పరిపాటి. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యని అవి నాలుగు. ఇందలి అధికారిశబ్దమునకు ఉద్యోగి యని గాని పాలకుడని గాని అర్థము కాదు. ఆ గ్రంథమును అధ్యయనము చేయుటకు అర్హత గలవాడని యర్థము. నేడు విశ్వవిద్యాలయశాఖలు తమ వార్షికసంచికలను, వ్రాతప్రతుల పట్టికలను, పరిశోధకుల వ్యాసములను వెబ్‌సైట్ల మూలమున వెలువరించుచున్నవి. ఈ సందర్భమున ఆ ప్రాచీనప్రశ్నయే క్రొత్తరూపమున మన యెదుట నిలుచుచున్నది. ఎవరు వ్రాయవచ్చును? ఎవరు దిద్దవచ్చును? ఎవరు ప్రకటింపవచ్చును? ఎవరు చూచుటకు మాత్రమే తగుదురు? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము సాంకేతికనిపుణుడే చెప్పవలెనని మనవారు సాధారణముగా భావింతురు. అది సరికాదు. నిపుణుడు తలుపు బిగింపగలడు. ఎవరికి తాళపుచెవి నీయవలెనో శాఖయే నిర్ణయింపవలెను.

ఈ విచారణకు వర్డ్‌ప్రెస్ అను సాధనమును ఉదాహరణముగా గ్రహించుచున్నాను. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు 2003లో, అంతకుముందున్న బీ2 అను సాధనమునుండి దీనిని రూపొందించిరి. ఇది ఉచితముగా లభించును. దీని మూలమును ఎల్లరును చదువుకొనవచ్చును. గ్రంథపరిష్కర్త మాతృకను చూచి పాఠమును నిర్ణయించునట్లు, ఇచట చెప్పబడు నియమములను మూలముతో సరిచూచుకొనుట కవకాశము కలదు. దీనిని ఎన్నుకొనుటకు నాకు ముఖ్యకారణ మిదియే.

వర్డ్‌ప్రెస్ తొలిదశలో వినియోగదారులకు 0 మొదలు 10 వఱకు అంకెలతో స్థాయిలు ఏర్పఱుపబడెడివి. పెద్ద అంకె గలవానికి చిన్న అంకె గలవాని అధికారములన్నియు ఉండును. ఇది నిచ్చెన వంటిది. కాని విద్యావ్యవహారములు నిచ్చెనమెట్లవలె నుండవు. వ్యాసపరిశీలకుడు పరుల వ్యాసమును చదువవలెను, కాని దానిలో ఒక్క యక్షరమైనను మార్పరాదు. వ్యాసకర్త తన వ్యాసమును మార్చుకొనవచ్చును, పరుల వ్యాసమును చూడరాదు. వీరిలో నెవరు పైమెట్టున నున్నట్లు? ఈ చిక్కు తీఱుటకే 2005 డిసెంబరులో వెలువడిన 2.0 సంస్కరణమునందు అంకెలకు మాఱుగా పాత్రలును, ఒక్కొక్క పనికి ఒక్కొక్క అధికారమును ప్రవేశపెట్టబడినవి.

పాత్ర యను మాటను ఇచట వాడుట యాదృచ్ఛికమైనను చక్కగా నమరినది. పాత్ర యనగా నాటకమున ధరించు వేషము, భాండము, ‘పాత్రుడు’, ‘అపాత్రదానము’ అనుచోట్ల అర్హతయు స్ఫురించును. ఈ మూడర్థములును ఇచట పొసగును. అయినను రెండవదియే ప్రధానమని నా యభిప్రాయము. పాత్ర యనునది అధికారములను నింపి యుంచిన భాండము మాత్రమే. ఏ పనికైనను అనుమతి కలదో లేదో తెలిసికొనుటకు వర్డ్‌ప్రెస్ ‘కరెంట్ యూజర్ కెన్’ అను ప్రమేయము నడుగును. దానికి పాత్ర పేరు చెప్పి ‘ఇతడు సంపాదకుడా?’ అని యడుగుట తగదు. ‘ఇతడు పరుల వ్యాసములను దిద్దగలడా?’ అని పనినిబట్టి యడుగవలెను. రేపు శాఖ సహాయసంపాదకుడను క్రొత్తపాత్ర నేర్పఱచినచో, పేరునుబట్టి వ్రాసిన నియమములన్నియు తిరుగవ్రాయవలసి వచ్చును. పనినిబట్టి వ్రాసినవి చెక్కుచెదరక నిలుచును.

సాధనముతోపాటు వచ్చు పాత్రలు అయిదు. చదువరి, వ్యాసదాత, రచయిత, సంపాదకుడు, నిర్వాహకుడు అని వానిని పిలుచుకొందము. ఆంగ్లమున సబ్‌స్క్రైబర్, కంట్రిబ్యూటర్, ఆథర్, ఎడిటర్, అడ్మినిస్ట్రేటర్ అనునవి వాని పేళ్లు. నిర్వాహకునకు సర్వాధికారములు కలవు. సంపాదకుడు అందఱి వ్యాసములను దిద్ది ప్రకటింపగలడు. రచయిత తన వ్యాసమును తానే ప్రకటించుకొనగలడు. చదువరికి ప్రవేశమే గాని రచన లేదు. వీరిలో పరిశోధకపత్రికకు మిక్కిలి యుపయోగించువాడు వ్యాసదాత. ఇతడు వ్యాసమును వ్రాసి పరిశీలనకు సమర్పింపగలడు, ప్రకటింపలేడు. అంతేకాదు, సంపాదకుడు ప్రకటించిన పిమ్మట తన వ్యాసమునే తాను మార్పలేడు. ఇది కొందఱకు కఠినముగా తోచును. కాని అచ్చైన సంచికలోని వాక్యమును కర్త రాత్రికి రాత్రి మార్చుట ఎట్లు పొసగదో ఇదియు నట్లే. ఉదాహరించినవారి పుటకు అర్థము లేకుండ పోవును. వ్యాసదాతకు చిత్రములను ఎక్కించు అధికారము లేకపోవుట మాత్రము నిజమైన కొఱత. శాసనమును గూర్చి వ్రాయువాడు దాని ఛాయాచిత్రమును జతపఱుపలేడు. ఫైలు నెక్కించు అధికార మొక్కదానిని ఆ పాత్రకు కలిపిన ఆ కొఱత తీఱును. అందుకొఱకు అతనిని రచయితగా హెచ్చింప నక్కఱలేదు.

పరిశీలకుని విషయము ఇంత సులభము కాదు. అతనికి తగిన పాత్ర ఈ యైదింటిలో లేదు. క్రొత్తగా నొకటి సృష్టించి ‘చదువుట’ యను అధికారము నిచ్చిన చాలునని మొదట తోచును. చాలదు. మూలమును పరిశీలించినచో ఒక విశేషము తెలియును. ప్రకటితవ్యాసమును చదువుటకు చదువు అధికారమే చాలును. పరిశీలనలో నున్న వ్యాసమును కర్త గాక యితరుడు చదువగోరినచో, ‘ఇతడు దీనిని దిద్దగలడా?’ అని సాధనము ప్రశ్నించును. అనగా ఈ వ్యవస్థలో అప్రకటితమును చదువుటయు దిద్దుటయు ఒకే యధికారమునకు లోబడినవి. పత్రికాకార్యాలయమునకు ఇది సరిపడవచ్చును. పరిశీలకుడు చదువరియే గాని దిద్దుబాటుదారు కాడని నమ్ము విద్యాసంస్థకు ఇది సరిపడదు.

దీనికి రెండు మార్గములు కలవు. వ్యాసమును ‘ఆంతరంగికము’ అను స్థితిలో నుంచి, ఆంతరంగికవ్యాసములను చదువు అధికారమును పరిశీలకుని కిచ్చుట మొదటిది. ఇది సులభమే కాని, ఆ యధికారము ఒక వ్యాసమునకు పరిమితము కాదు. అతనికి అప్పగింపని వ్యాసములు కూడ అతని కంటబడును. రెండవది కొంత శ్రమతో గూడినది. వర్డ్‌ప్రెస్ ప్రత్యేకవస్తువును గూర్చిన ప్రశ్నను సామాన్యాధికారములుగా విడదీయును. ఈ విభాగమునకు ‘మ్యాప్ మెటా క్యాప్’ అని పేరు. ‘ఇతడు ఈ వ్యాసమును దిద్దగలడా?’ అని యడిగినపుడు, వ్యాసము అతనిదేనా, పరులదా, ప్రకటితమా, అప్రకటితమా అని చూచి, దానికి తగిన సామాన్యాధికారమును అది కోరును. ఈ నిర్ణయస్థానమున మన నియమమును చేర్పవచ్చును: ఈ వ్యాసము ఈ పరిశీలకునకు అప్పగింపబడియున్నచో చదువనిమ్ము, దిద్దనీయకుము, లేనిచో రెండును వలదు. విధినిషేధములు ఇట్లు వస్తువునంటి యుండుటయే యుచితము. కర్తృనామమును మఱుగుపఱుచుట దీనికంటె వేఱైన పని. చదువనిచ్చినంతమాత్రమున అది సిద్ధింపదు.

క్రొత్తపాత్రను సృష్టించువారు ఒక సంగతి నెఱుగవలెను. పాత్రల నిర్వచనములు డేటాబేసునందు నిలువచేయబడును. పాత్రను చేర్చు ప్రమేయము, అదే పేరుగల పాత్ర మునుపే యున్నచో ఏమియు చేయదు. కావున నియమమును వ్రాసిన ఫైలులో మార్పు చేసి, సైటునందు మార్పు కనబడలేదని వగచువారు తఱచుగా కనబడుదురు. ప్లగిన్‌ను తొలగించినను అది సృష్టించిన పాత్ర తనంత తాను తొలగిపోదు.

ఇక నిర్వహణప్రాంగణము సంగతి. సైటులోనికి ప్రవేశించిన వినియోగదారునకు ఎడమప్రక్క మెనూయు, నడుమ డాష్‌బోర్డుపై పెట్టెలును కానవచ్చును. వ్యాసము సమర్పింపవచ్చిన పరిశోధకునకు ఇవి యన్నియు అక్కఱలేదు. అతనికి వ్యాసముల పట్టికయు, సూచనల పుటయు చాలును. తక్కినవానిని పాత్రనుబట్టి తొలగించుటకు మెనూ తొలగించు ప్రమేయమును, డాష్‌బోర్డు పెట్టెలను తొలగించు ప్రమేయమును కలవు. ఈ పని ఆదరణీయమే. అనవసరపు మీటలు కనబడనిచో క్రొత్తవాడు బెదరడు, తప్పును చేయడు. అయితే దాచుట వేఱు, నిషేధించుట వేఱు. మెనూనుండి ఒక పేరును తీసివేసినంతమాత్రమున ఆ పుట మూతపడదు. చిరునామా తెలిసినవాడు దానిని బ్రౌజరున వ్రాసి తెఱువవచ్చును. ఆ పుట స్వయముగా అధికారమును ప్రశ్నించునపుడే అడ్డంకి యుండును.

ఇది నాకు అనుభవముచే తెలిసినది. నేను పనిచేసిన యొక పత్రికకు పరిశీలకుల నివేదికలను చూపు పుట యొకటి యుండెను. దానిని నిర్మించునపుడు తొందరలో ‘చదువుట’ యను అధికారము గలవారందఱికిని తెఱిచియుంచి, పిదప మెనూలో దాని పేరును సంపాదకులకు తప్ప తక్కినవారికి కనబడకుండ చేసితిమి. అంతతో పని ముగిసినదని తలచితిమి. కొన్నాళ్లకు ఒక పరిశోధకవిద్యార్థి తన వ్యాసముపై వచ్చిన నివేదికలోని వాక్యములను, పరిశీలకుని పేరును ప్రస్తావించుచు మాతో మాటాడెను. అతడు దొంగతనము చేయలేదు. మెనూలో పేరున్న దినములలో ఆ పుట చిరునామాను బ్రౌజరునందు గుర్తుంచుకొని, యథాలాపముగా తెఱిచియుండెను. తప్పు మాదే. ఆ పరిశీలకుడు మరల మా పత్రికకు వ్యాసమును చూచుట కంగీకరింపలేదు. దిద్దుబాటు ఒక్క పంక్తి: పుట నిర్మాణమున కోరిన యధికారమును మార్చుట.

పేళ్లవలన కలుగు భ్రాంతి మఱియొకటి. ‘ఈజ్ అడ్మిన్’ అను ప్రమేయమును చూచి, ‘ఇతడు నిర్వాహకుడా?’ అని యడుగుచున్నదని భ్రమపడని వారరుదు. అది యడుగునది యది కాదు. ‘ఇపుడు కోరబడిన పుట నిర్వహణప్రాంగణమునకు చెందినదా?’ అని మాత్రమే అడుగును. ప్రాంగణపు చిరునామాగల కొన్ని ద్వారములకు, సైటులోనికి ప్రవేశింపని బాటసారి పంపిన కోరికయు రావచ్చును; అపుడును ఈ ప్రమేయము అవుననియే చెప్పును. శబ్దార్థనిర్ణయమున అలవాటుపడిన మనకు ఈ హెచ్చరిక అనవసరమనుకొంటిని గాని, తెలుగుశాఖవారు వ్రాయించుకొన్న ప్లగిన్‌లోనే ఈ పొరపాటును చూచితిని.

అధికారపరీక్ష ఎచట జరుగవలెనో తెలుపు ప్రసిద్ధమైన యుదాహరణము వర్డ్‌ప్రెస్ చరిత్రలోనే కలదు. 2016 డిసెంబరున వెలువడిన 4.7 సంస్కరణమున, ఇతరసాధనములు వ్యాసములను చదువుటకును మార్చుటకును ‘రెస్ట్ ఏపీఐ’ యను క్రొత్తద్వారము తెఱువబడెను. వ్యాసమును మార్పగోరినవాడు దాని సంఖ్యను తెలుపవలెను. ఆ సంఖ్య చివర అక్షరములు చేర్చి పంపినచో, పరీక్షించు భాగము అట్టి వ్యాసమే లేదని భావించి, లేనిదానికి నిషేధమెందుకని విడిచిపెట్టెడిది. తరువాతి భాగము అక్షరములను రాల్చి, సంఖ్యను మాత్రము గ్రహించి, వ్యాసమును మార్చివేసెడిది. ద్వారపాలకుడు చదివిన పేరొకటి, లోపలివారు చదివిన పేరొకటి! 2017 జనవరి 26న వచ్చిన 4.7.2 సంస్కరణముచే ఈ లోపము సవరింపబడెను. లోపమును వెంటనే చాటక, సైట్లు సవరణను పొందుటకు వ్యవధి నిచ్చి, ఫిబ్రవరి 1న వెల్లడించిరి. అప్పటికిని సవరించుకొనని సైట్లు అనేకములు వికృతములైనవి. ఏ పాఠమును పరీక్షించితిమో ఆ పాఠమునే గ్రహింపవలెనను నియమము పాఠపరిష్కర్తలకు క్రొత్తది కాదు.

పాఠకులకు చూపు విషయమున పాత్రభేదమును పాటించుటయందును ఈ వివేకమే కావలెను. ఒక వ్యాసపు సారాంశము ఎల్లరకును, పూర్ణపాఠము సభ్యులకును చూపనెంచితిమనుకొందము. పూర్ణపాఠమును పంపి రూపవిన్యాసముచే కనబడకుండ చేసినచో, బ్రౌజరునందు మూలమును తెఱిచినవారికి అది యంతయు కనబడును. సర్వరునుండియే పంపకుండుట సరియైన పద్ధతి. ప్రధానపుటలో ఆపిన పాఠము వెదకుడు ఫలితములయందును, ఫీడునందును, పైని చెప్పిన రెస్ట్ ద్వారమునందును వెలువడకుండ చూచుకొనవలెను. త్వరితముగా చూపుటకు పుటల నకళ్లను నిలువచేయు ఏర్పాటు కలచోట, సభ్యునికై సిద్ధమైన నకలు అన్యునకు పోకుండ జాగ్రత్త వహింపవలెను. అన్నిటికంటె మన శాఖలు మఱచునది ఫైళ్ల సంగతి. ఎక్కించిన ఫైళ్లు సాధారణముగా సంవత్సరము, నెల పేళ్లుగల అరలలో నుండును; వానిని సర్వరు నేరుగా అందించును, వర్డ్‌ప్రెస్ నడుగదు. వ్యాసపుటకు ఎన్ని తాళములు వేసినను, దానికి జతపఱచిన అముద్రితవ్రాతప్రతి నకలు చిరునామా నెఱిగిన వానికెల్ల దొరకును. అట్టి ఫైళ్లను బహిరంగపు అరలో నుంచక, అధికారమును పరీక్షించి యందించు మార్గమున నుంచవలెను.

ఏర్పాటు ముగిసిన పిమ్మట నిర్వాహకుడు తన ఖాతాతోనే చూచి సంతృప్తి చెందరాదు. అతనికి అన్నియు తెఱిచియే యుండును. ప్రతిపాత్రకు ఒక పరీక్షాఖాతాను తెఱిచి, మెనూను గాక చిరునామాలను చేతితో వ్రాసి చూడవలెను. ఏ ఖాతాయు లేని బ్రౌజరుతోను చూడవలెను.

విద్యార్థి పట్టము పొంది వెడలినపుడు అతని ఖాతాను తొలగింపబోయినచో, అతని వ్యాసములను తొలగింపవలెనా, మఱియొకరి పేరునకు మార్పవలెనా యని వర్డ్‌ప్రెస్ అడుగును. మొదటిదానివలన వ్యాసము పోవును, రెండవదానివలన కర్తృత్వము మాఱును. ఖాతాను అట్లే యుంచి, ఆ సైటునందు అతనికి ఏ పాత్రయు లేకుండ చేయుట మూడవ మార్గము. అపుడు నిర్వహణప్రాంగణము అతనికి తెఱువబడదు. వ్యాసముపై పేరు మాత్రము అతనిదే యుండును.